ఉప్పు తగ్గించి ఒక ప్లేటు

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,



శనివారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు పెట్టుకున్న ఏర్పాటు అది. వారమంతా వండే చేతికి ఒక పూట సెలవు. వీధి చివర రావిచెట్టు కింద ఉండే ఫాస్ట్ ఫుడ్ బండి నుంచి రెండు పార్శిళ్లు వస్తాయి: ఒక ఎగ్ ఫ్రైడ్ రైస్, ఒక గోబీ మంచూరియా. పిల్లలు చదువులకని ఒకరు, ఉద్యోగానికని ఒకరు వెళ్లిపోయారు. శనివారం పార్శిలు మాత్రం మానలేదు. రాజమహేంద్రవరంలో మా వీధి ఒక్కటే కాదు, సాయంత్రం ఆరు దాటాక ఏ సందు మొగలో చూసినా ఇదే వాసన, ఇదే బాణలి చప్పుడు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచర్ని. ఆరేళ్ల కిందట మావారికి బీపీ ఉందని తేలింది. ఆ రోజు నుంచి ఉప్పు డబ్బా నా అదుపులోకి వచ్చింది. ఆవకాయ జాడీ అటకెక్కింది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు మానేశాం. పప్పులోకీ పులుసులోకీ ఉప్పు చెంచాతో కొలిచి వేస్తున్నాను. ఇంత చేసినా ఆదివారం పొద్దున్నే మిషను కట్టి చూస్తే అంకె మిగతా రోజులకంటే పైనే ఉండేది. చాలా నెలలపాటు ఎందుకో అర్థం కాలేదు. అనుమానం వచ్చిన శనివారం బండి దగ్గరికి నేనే వెళ్లి, పక్కన నిలబడి, ఒక ప్లేటు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చూశాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం అక్కడ చూసినది, ఆ తర్వాత మా వీధిలో జరిగినది.

బండి మీద వండే మాస్టర్‌ది కోనసీమ. ముప్పయ్యేళ్లుంటాయి. చేతిలో పొడుగు కాడ గరిటె. కొలవడానికీ, కలపడానికీ, వడ్డించడానికీ అదొక్కటే. మంట బాణలి అంచులు దాటి లేస్తూ ఉంటే, నూనె డబ్బాలో ముంచి ఒక గరిటె నిండా పోశాడు. గుడ్లు కొట్టి చెదరగొట్టాక ఇంకో అర గరిటె. క్యాబేజీ, క్యారెట్ కలిపి ఒక గుప్పెడు. మధ్యాహ్నం వండి వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టిన అన్నం. దాని మీద గరిటె కొసతో ఉప్పు, టేస్టింగ్ సాల్టు, మిరియాల పొడి. సీసా మూతకు పొడిచిన కన్నంలోంచి సోయా సాసు మూడు చుట్లు, చిల్లీ సాసు రెండు చుట్లు, వెనిగర్ ఒక చుట్టు. నాలుగుసార్లు ఎగరేసి, ఉల్లికాడలు చల్లి, కవర్లో పోసి ముడి వేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ వేగంలో ఏది ఎంత పడిందో తినేవాడికి తెలియదు. చేసేవాడికి చేతికి తెలుసు గాని, గ్రాముల్లో అడిగితే చెప్పలేడు.

మర్నాడు స్టీలు సామాన్ల కొట్లో అచ్చం అలాంటి గరిటె ఒకటి కొన్నాను. ఇంట్లో నీళ్లు పోసి కొలిస్తే నిండుకు 35 మిల్లీలీటర్లు పట్టింది. గరిటెన్నర అంటే 50కి పైన. నూనె నీటికంటే తేలిక గనక బరువు 48 గ్రాములు అనుకుందాం. గ్రాముకు 9 కేలరీల చొప్పున ఆ నూనె ఒక్కటే 430 కేలరీలు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల మనిషికి రోజంతా కలిపి సూచించే నూనె 27 గ్రాములు. మేమిద్దరం ఆ ప్లేటు పంచుకున్నా ఒక్కొక్కరికి 24 గ్రాములు. పొద్దున్న ఇడ్లీలోకి చట్నీ తాలింపు, మధ్యాహ్నం కూర, ఇవన్నీ ఇంకా లెక్కలోకి రాలేదు. మంచూరియా సంగతి అసలే రాలేదు.

ఉప్పు సంగతి ఇంకా నిక్కచ్చిగా చూడాలనిపించింది. తర్వాతి శనివారం ఒక ఖాళీ గ్లాసు పట్టుకెళ్లి, “బాబూ, అన్నంలో వేసినట్టే మూడు చుట్లు సోయా సాసు ఇందులో పిండు” అన్నాను. వింతగా చూసినా పిండాడు. ఇంటికొచ్చి కొలిస్తే ఒకటిన్నర పెద్ద చెంచాలయింది. మామూలు సోయా సాసులో ఒక పెద్ద చెంచాకు దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. ఉప్పులో చెప్పుకుంటే అది రెండుంబావు గ్రాములు. అంటే ఆ మూడు చుట్లలో దాదాపు మూడున్నర గ్రాముల ఉప్పు. దాని మీద విడిగా వేసిన ఉప్పు, టేస్టింగ్ సాల్టు, చిల్లీ సాసు. పెద్దవాళ్లు రోజు మొత్తంలో 5 గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మీరూ చెబుతున్నారు. ఒక చిన్న చెంచాడు. మా పార్శిలు కవరు ముడి విప్పేసరికే ఆ చెంచాడు అయిపోయింది.

ఈ లెక్క మా రావిచెట్టు బండికే పరిమితమని అనుకోవద్దు. బ్రిటన్‌లో యాక్షన్ ఆన్ సాల్ట్ అనే సంస్థ 2018లో అక్కడి చైనీస్ టేకవే వంటకాలను పరీక్ష చేయించింది. దాదాపు అన్నిట్లోనూ ఒక్కో వంటకానికి 2 గ్రాములకు తక్కువ కాకుండా ఉప్పు తేలింది. మా పెద్దమ్మాయి అక్కడే చదువుకుంటోంది. తనూ వారానికోసారి చైనీస్ తెప్పించుకుంటుంది. “అమ్మా, నేను ఎగ్ ఫ్రైడ్ రైస్ మానేసి ఉత్త ఆవిరన్నం చెప్పుకుంటాను, పక్కకి కూరగాయల వేపుడు ఒకటి” అంది. అక్కడి మెనూలో ఉత్త అన్నం అని ఒక వరస ఉంటుంది. మా బండి బోర్డు మీద ఇరవై ఆరు రకాలున్నాయి. ఉత్త అన్నం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ మాట ఎత్తగానే మావాళ్లు చాలామంది, “చైనా తిండే అంత, అందులో అజినమోటో వేస్తారు” అని తేల్చేస్తారు. రెండూ తప్పే. ఈ మంచూరియాకు చైనా పేరే తప్ప చైనాలో పుట్టిన వంటకం కాదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో చికెన్ ముక్కల్ని కార్న్‌ఫ్లోర్‌లో ముంచి వేయించి, మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాసు జోడించి చేశాడని అంటారు. కలకత్తా టాంగ్రాలో స్థిరపడిన హక్కా కుటుంబాల వంటిళ్లలో మన నాలుకకు తగ్గట్టు మారుతూ వచ్చిన వంట ఇది. దక్షిణ చైనాలో మామూలు ఇంటి భోజనమంటే ఉత్త అన్నం, ఆకుకూర వేపుడు, ఆవిరి మీద ఉడికిన చేప, కాస్త టోఫు. అన్నం మీద సాసు కుమ్మరించుకోవడం వాళ్ల అలవాటు కాదు.

బండి మీద టేస్టింగ్ సాల్టు అనే అజినమోటోదీ అదే కథ. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు పులుసులోని రుచికి మూలమేమిటా అని వెతికి గ్లుటమేట్‌ను వేరు చేశాడు, అజినమోటోలో ఉన్నది అదే. పండిన టమాటాలో, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండేదే. 1968లో అమెరికాలో ఒక వైద్య పత్రికకు ఒక డాక్టరు రాసిన చిన్న ఉత్తరంతో, చైనీస్ హోటల్లో తింటే అజినమోటో వల్ల మెడ తిమ్మిరెక్కుతుంది, గుండె దడ వస్తుంది అనే భయం లోకమంతా పాకింది. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ భయానికి గట్టి ఆధారం దొరకలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ అజినమోటోను మామూలుగా వాడుకోదగ్గ పదార్థాల్లోనే ఉంచింది. పైగా ఉప్పులో సోడియం నూటికి 39 పాళ్లుంటే ఇందులో 12 పాళ్లే. బండి దగ్గర “టేస్టింగ్ సాల్టు వెయ్యకు” అని గట్టిగా చెప్పి, “సాసు ఇంకొంచెం వెయ్యి” అని అడిగేవాళ్లను నా కళ్లారా చూశాను. ఏది చూసి భయపడాలో వాళ్లకు తప్పుగా చెప్పాం మనం. అక్కడ వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు మా మాస్టర్ దగ్గరికి వస్తాను.

“మాకు ఉప్పు వెయ్యకు బాబూ, సోయా సాసులో ఉన్నది చాలు. నూనె కూడా సగమే వెయ్యి” అన్నాను ఒక శనివారం. “చప్పగా ఉంటదండీ, రేపు మీరే వచ్చి బాలేదంటారు. నూనె తగ్గిస్తే రైసు అడుగంటేస్తదండీ” అన్నాడు. అతను చెప్పింది నిజమే. బాణలి చాలినంత కాలకుండా అన్నం వేస్తే అంటుకుంటుంది. వెనకాల ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. చెయ్యి అలవాటుగా పోయేదాన్ని ఒకరి కోసం ఆపుకోవడం ఆ వరసలో చిన్న పని కాదు. అయినా చేసిచ్చాడు. ఆ రోజు చప్పగానే ఉంది. మావారు ఏమీ అనకుండా తిన్నారు.

రెండో శనివారం సోయా సాసు కూడా ఒక చుట్టుకు తగ్గించమన్నాను. వెల్లుల్లి, పచ్చిమిర్చి ఎక్కువ వేయించి, చివర్లో నిమ్మకాయ పిండించాను. పులుపు, ఘాటు నోటికి తగిలితే ఉప్పు తక్కువైనట్టు తోచదు. మా అమ్మ పథ్యం వంటల్లో చేసిన పనే ఇది. మూడో శనివారం మాస్టరే దారి కనిపెట్టాడు. బాణలిని పొగ వచ్చేదాకా కాల్చి, అర గరిటె నూనె పోసి బాణలంతా తిప్పి, ముందు క్యాబేజీ రెండు గుప్పెళ్లు వేశాడు. క్యాబేజీ విడిచిన తడికి అన్నం అంటుకోలేదు. “కూరగాయలు డబుల్ వేశానండీ, పది రూపాయలు ఎక్కువవుద్ది” అన్నాడు. సంతోషంగా ఇచ్చాను. నాలుగో శనివారానికి నేను నోరు విప్పకముందే, “టీచరమ్మ ప్లేటు ఒకటి” అని తన కుర్రాడికి చెప్పాడు.

ఆ మాట విని పక్కనున్న ఆటో అతను అదేమిటని అడిగాడు. అతనికి షుగరట. “నాకూ అదే కట్టెయ్యి” అన్నాడు. మొన్న మాస్టర్ చెప్పాడు, టీచరమ్మ ప్లేట్లు శనివారం ఒక్క రోజే పది దాకా పోతున్నాయట. ఇంట్లో బీపీ మిషను మీద చూసింది శాస్త్ర పరిశోధన కాదని నాకు తెలుసు. కానీ మావారి ఆదివారం అంకె ఇప్పుడు మిగతా రోజుల అంకెతో కలిసింది.

అయ్యా, మా వీధిలో నాకు దొరికిన వీలు నేను టీచర్ని కావడం వల్ల దొరికింది. ఎదురుగా నిలబడి నాలుగు వారాలు వరసగా అడిగే తీరిక ఉండటం వల్ల దొరికింది. రాత్రి పదింటికి డ్యూటీ దిగి హాస్టల్ గదిలో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెట్టే పిల్లకి ఆ వీలు లేదు. మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఆ వీలే.

మీ సంస్థ 2018లో ఈట్ రైట్ ఇండియా ఉద్యమం మొదలుపెట్టింది. ఉప్పు, చక్కెర, నూనె “నేటి నుంచి కొంచెం తక్కువ” అని దేశమంతా చెప్పారు. మంచి మాట. మీ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు, కేంద్ర లైసెన్సు ఉన్నవాళ్లు మెనూలో ఒక్కో వంటకం పక్కన కేలరీలు చూపాలి. యాప్‌లు కూడా ఆ వివరం పెట్టాలి. 2022 నుంచి అమల్లో ఉంది. ఇదీ మంచిదే. కానీ మన ఊళ్లలో ఫ్రైడ్ రైస్ ఎక్కువగా అమ్మేది పది శాఖల హోటలు కాదు, నాలుగు చక్రాల బండి. బండివాడిని కేలరీలు లెక్కగట్టి రాయమనడం న్యాయం కాదు, నేను అడగడం లేదు. పైగా కేలరీల అంకె ఉప్పు గురించి ఏమీ చెప్పదు. బీపీ ఉన్న మనిషికి కావలసింది ఆ రెండో అంకె.

మొన్న జ్వరంగా ఉండి బండి దాకా వెళ్లలేక ఒక యాప్‌లో వెజ్ నూడుల్స్ చెప్పాను. ఎక్స్‌ట్రా చీజ్ ఉంది, ఎక్స్‌ట్రా గ్రేవీ ఉంది, నలభై రూపాయలు కడితే ఫుల్ ప్లేటు ఉంది, ఘాటు మూడు రకాలుంది. స్పూన్లు వద్దు అని టిక్కు పెట్టడానికి ఒక గడి కూడా ఉంది. ఉప్పు తగ్గించమని, నూనె తగ్గించమని, సాసు విడిగా ఇమ్మని చెప్పడానికి గడి లేదు. సూచనలు రాసే ఖాళీలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. వచ్చిన నూడుల్స్ ఎప్పటిలాగే ఉన్నాయి. హోటలుకు ఫోన్ చేస్తే, “సాస్ పొద్దున్నే కలిపి ఉంచుతాం మేడం, అందులో ఉప్పు ఎలా తీస్తాం?” అన్నారు. అబద్ధం కాదు. అందుకే సాసు విడిగా ఇవ్వడం అనే వీలు ముఖ్యం. తీసినా తీయకపోయినా, ఎంత కలుపుకోవాలో తినేవాడి చేతిలో ఉంటుంది.

అందుకని నేను అడుగుతున్నది ఇది. స్పూన్లు వద్దనే గడి పక్కనే మరో నాలుగు గడులు పెట్టమని యాప్‌లను ఆదేశించండి: ఉప్పు తక్కువ, నూనె తక్కువ, సాసు విడిగా, అర ప్లేటు. ఆ గడి నొక్కిన ఆర్డరును అలాగే వండాల్సిన బాధ్యత హోటలుది కావాలి. న్యూయార్క్ నగరం 2015 డిసెంబరు నుంచి, పదిహేను అంతకు మించి శాఖలున్న హోటళ్లలో 2,300 మిల్లీగ్రాములు, అంతకు మించి సోడియం ఉన్న వంటకం పక్కన ఉప్పు బుడ్డి బొమ్మ వేయిస్తోంది. అంకెలు చదవలేనివాళ్లకూ ఆ బొమ్మ అర్థమవుతుంది. పెద్ద హోటళ్లు ఇక్కడా ఆ బొమ్మ వేయవచ్చు. ఇక బండ్ల విషయానికొస్తే, వీధి వ్యాపారులకు మీరు శిక్షణ తరగతులు పెడుతున్నారు. చేతి తొడుగు, టోపీ, నీళ్ల శుభ్రత చెబుతున్నారు. అదే తరగతిలో ఒక గంట వంట చెప్పించండి. బాణలి ఎంత కాలిస్తే అర గరిటె నూనెతో అన్నం అంటుకోదో, నిమ్మకాయ ఎప్పుడు పిండితే ఉప్పు లోటు తెలియదో చెప్పించండి. ఆ పాఠం చెప్పడానికి పెద్ద చదువులు చదివినవాళ్లు అక్కర్లేదు. మా మాస్టర్ లాంటివాణ్ని పిలవండి. బోర్డు మీద ఇరవై ఏడో వరసగా ఉత్త అన్నం, కూరగాయల వేపుడు రాసినవాడికి మీ గుర్తింపు స్టిక్కరు ఒకటివ్వండి.

ప్రభుత్వాలు ఎప్పుడు కదులుతాయో కూడా చూడండి. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో 171 గోబీ మంచూరియా నమూనాలు తీసి పరీక్షిస్తే వందకు పైగా వాటిలో వాడకూడని రంగులు బయటపడ్డాయి. అక్కడ ఆ రంగుల్ని నిషేధించారు. అదే ఏడు అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు ఆపేసింది. తిన్నవాళ్లు ఆసుపత్రి పాలయ్యాక తీసుకున్న నిర్ణయం అది. ఉప్పు, నూనె తిన్న రాత్రే మనిషిని పడగొట్టవు. ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఏ నమూనా తీసినా ఏ ప్రభుత్వానికీ అత్యవసరం కనిపించదు. ఉన్న నిబంధన కూడా అమలు కావాలి. వేయించిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి మీ నిబంధనే ఉంది. సాయంత్రం ఏడు దాటాక మీ పరీక్షా వాహనాన్ని ఏ ఊరి ఫాస్ట్ ఫుడ్ వీధిలోకైనా పంపి అక్కడి మూకుళ్లలో నూనె చూడండి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లకు కూడా ఒకటి రెండు మాటలు. నియమాలు వచ్చేదాకా శనివారం ఆగదు కదా. మంచూరియాలో గోబీపువ్వుది తప్పు కాదు. వంద గ్రాముల పచ్చి పువ్వులో పాతికో ముప్పయ్యో కేలరీలు. మైదా పిండిలో ముంచి నూనెలో దేవాక, మళ్లీ సాసులో దొర్లించాక దాని సంగతి మారిపోతుంది. అదే పువ్వును ముక్కలుగా బాణలిలో వెల్లుల్లితో వేయించి ఇమ్మంటే చాలా బండ్ల దగ్గర ఇస్తారు. అడగాలి, అంతే. చికెన్ ఫ్రైడ్ రైస్ చెప్పేటప్పుడు పకోడీ ముక్కలు వద్దు, ఉడికించిన ముక్కలు వేయమనండి. మోమోలు ఆవిరి మీదివి తీసుకోండి, ఆ ఎర్ర చట్నీ సగమే వాడండి. అమెరికన్ చాప్‌సీ అంటే నూనెలో కరకరలాడేలా వేయించిన నూడుల్స్ మీద తీపి సాసు. పేరు చూసి మోసపోకండి. సూపు తేలికే, కానీ అందులో ఉప్పు తేలిక కాదు. ఒక గిన్నె ఇద్దరు పంచుకోండి. కవరు విప్పేముందు ఇంట్లో ఒక కీరదోసకాయ, ఒక క్యారెట్ కోసి పళ్లెంలో పెట్టుకోండి. ఒక ప్లేటు ఇద్దరికి దాంతో సరిపోతుంది. మేము చేస్తున్నది అదే.

పార్శిల్ తెచ్చాక వెంటనే తినండి. ఇది ఉప్పు మాట కాదు, అన్నం మాట. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి అందులో పెరిగి విషం చేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిని వాంతులతో పడ్డవాళ్లను పరిశీలించినప్పుడే వైద్యులు దీన్ని గుర్తించారు. మన గోదావరి ఎండల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు వండి, రాత్రి పదింటికి బాణలిలో వేసే అన్నం సంగతి ఆలోచించండి. రాత్రి మిగిలింది బల్ల మీద వదిలి పొద్దున్న పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టొద్దు. మాస్టర్లకు కూడా నా మనవి. అన్నం రెండు దఫాలుగా వండండి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి. మా మాస్టర్ వేసవి నుంచి అలాగే చేస్తున్నాడు. గ్యాసు ఖర్చు కొంత పెరిగిందన్నాడు. మిగిలిపోయి పారబోసే అన్నం తగ్గిందనీ అన్నాడు.

అయ్యా, మీ కార్యాలయానికి రోజూ ఎన్నో అర్జీలు వస్తాయని తెలుసు. నాది పెద్ద కోరిక కాదు. నాలుగు గడులు, ఒక బొమ్మ, ఒక గంట పాఠం. వాటికంటే ముందు ఒక చిన్న పని చేయండి. వచ్చే శనివారం మీరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, హోదా చెప్పకుండా, ఒక ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరికి వెళ్లి వరసలో నిలబడండి. మీ వంతు వచ్చినప్పుడు “ఉప్పు, నూనె తగ్గించి ఒక ప్లేటు” అని అడగండి. ఆ మాస్టర్ ఏమంటాడో విన్నాక, దయచేసి ఈ ఉత్తరం ఇంకోసారి చదవండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు,
రాజమహేంద్రవరం